ఏ బ్రాంచీకీ చెందని గది

ప్రశాంత చంద్ర మహలనోబిస్ అనగానే స్టాటిస్టిక్స్ గుర్తొస్తుంది. కానీ ఆయన చదివింది ఫిజిక్స్. 1893లో కలకత్తాలో పుట్టారు. 1915లో కేంబ్రిడ్జ్ నుంచి ఇంటికి బయల్దేరబోతే యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీలో బయోమెట్రికా అనే పత్రిక కంటబడింది. పాత సంపుటాలన్నీ కొని వెంట తెచ్చుకున్నారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే, ఆ డిపార్ట్‌మెంట్‌లోనే స్టాటిస్టికల్ లాబొరేటరీ పెట్టారు. జీతం ఒక సబ్జెక్టుది, ధ్యాస ఇంకో సబ్జెక్టుది అన్నమాట! సమస్యలు మాత్రం బయటినుంచి వచ్చేవి. జువాలజిస్టు అన్నండేల్ మనుషుల శరీర కొలతలు తెచ్చిచ్చారు. తర్వాత వరదలు, జనపనార పంట. మన మెషీన్ లెర్నింగ్ క్లాసులో వచ్చే మహలనోబిస్ దూరం ఆ కొలతల పనిలోంచి పుట్టిందే.

1931 డిసెంబర్‌లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1933లో సంఖ్య అనే సొంత పత్రిక వచ్చింది. రెండు సబ్జెక్టుల మధ్య పనిచేసేవాళ్ళకి అచ్చేసుకునే చోటు కావాలి కదా. 1941లో కలకత్తా యూనివర్సిటీలో పీజీ కోర్సు పెట్టించారు. దాంతో డిగ్రీ కూడా దొరికింది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, అది దొరక్క ఈ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన సి.ఆర్.రావు ఆ కోర్సు మొదటి బ్యాచ్‌వారే.

1950ల్లో కంప్యూటర్ వచ్చింది, జియాలజీ విభాగం కూడా వచ్చింది. ఆ విభాగంవాళ్ళే ప్రాణహిత-గోదావరి లోయలో బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలు తవ్వితీశారు. 1959లో పార్లమెంటు చట్టంతో ఇన్‌స్టిట్యూట్‌కి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా హోదా దక్కింది.

అయితే పగ్గాలు చివరిదాకా ఆయన చేతుల్లోనే ఉన్నాయి. 1957లో ఇంగ్లండ్ వదిలి వచ్చిన జన్యుశాస్త్రవేత్త హాల్డేన్‌కి ఆయన నడిపే తీరుతో పొసగలేదు. 1961లో రాజీనామా చేసి వెళ్ళిపోయారు. డిపార్ట్‌మెంట్ల గోడలు లేనిచోట అన్ని దారులూ ఒక్క మనిషి టేబుల్ మీదుగానే వెళ్తే, ఆ మనిషితో పడనివాళ్ళకి నిలబడే చోటుండదు.

మహలనోబిస్ 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు పోయారు. సంస్థ మాత్రం నిలిచింది. ఆయన ఒక్కడి ప్రతిభే అయితే అది ఆయనతోనే పోయేది. పత్రిక, కోర్సు, చట్టం, శిష్యులు దాన్ని నిలబెట్టాయి. మనం నాలుగు బ్రాంచీలవాళ్ళం కలిసి ల్యాబ్ పెట్టుకున్నా, మొదట అడగాల్సింది ఇదే: మనం పాసై వెళ్ళాక దీన్ని ఎవరు, దేని ఆధారంగా నడుపుతారు?