మరణశయ్య చెంత సేవామూర్తి – సిసిలీ సాండర్స్

నయంకాని వ్యాధితో బాధపడే రోగి తనకు మరణాన్ని ప్రసాదించమని వేడుకొంటే, పక్కన నిలిచిన నర్సు ఏమి చేయాలి? ఈ కఠినమైన ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా అర్పించిన మహిళ సిసిలీ సాండర్స్.

ఆమె 1918 జూన్ 22న ఇంగ్లండులోని బార్నెట్‌లో జన్మించింది. ఆక్స్‌ఫర్డులో చదువుతుండగా రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. చదువు ఆపి, 1940లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో, ఫ్లారెన్స్ నైటింగేల్ నెలకొల్పిన పాఠశాలలో నర్సింగు శిక్షణకు చేరింది. వెన్నునొప్పి వల్ల 1944లో ఆ వృత్తిని విడువవలసి వచ్చినా, ఆమె రోగులను విడువలేదు. వారి కష్టసుఖాలు విచారించే సంఘసేవకురాలిగా ఆసుపత్రిలోనే నిలిచింది.

అప్పుడు డేవిడ్ టాస్మా అనే పోలండు దేశపు యూదు శరణార్థి ఆమెకు పరిచయమయ్యాడు. క్యాన్సరుతో మరణానికి చేరువైన అతనిని, తన బ్రతుకు వ్యర్థమైపోయిందన్న చింత కూడ దహించింది. మరణాసన్నులకై వారిరువురు ఊహించిన సేవాలయంలో తానొక కిటికీగా ఉండాలని కోరి, 500 పౌండ్లు ఆమెకు వదలి, 1948లో కన్నుమూశాడు.

వైద్యులే మరణాసన్నులను విడిచిపెడుతున్నారనీ, కనుక వైద్యం చదువుమనీ ఒక శస్త్రవైద్యుడు ఆమెకు హితవు చెప్పాడు. నలుబదికి చేరువైన వయస్సులో, 1957లో, ఆమె వైద్యురాలైంది. నొప్పి విజృంభించి రోగి మొరపెట్టిన పిదప మార్ఫిన్ ఇవ్వడం ఆనాటి అలవాటు. నొప్పి తలయెత్తక మునుపే నియమిత వేళలకు ఇవ్వాలని ఆమె ఆచరణలో చూపింది. బాధ శరీరానికే గాక మనస్సుకూ, కుటుంబానికీ, ఆత్మకూ చెందినదని బోధించింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఆరంభమైంది. టాస్మా కోరిన కిటికీ అందులో అమరింది.

రోగి ప్రాణం తీయడాన్ని ఆమె జీవితాంతం వ్యతిరేకించింది. అట్లని, ఫలితం లేని చికిత్సలతో మరణవేదనను పొడిగించడాన్నీ సమర్థించలేదు. చావును కోరే రోగి చాలవరకు నొప్పి నుండి, ఒంటరితనం నుండి, పరులకు భారమైనానన్న దిగులు నుండి విముక్తి కోరుతున్నాడని ఆమె నమ్మకం. ఎంతటి సేవకూ లొంగని బాధ కొందరికి మిగులుతుందనీ, వారి కోరికను కాదనడం దయ కాదనీ వాదించేవారూ ఉన్నారు. ఆ వాదాన్ని తేలికగా త్రోసిపుచ్చరాదు. కోలుకొనే ఆశ లేని రోగికి కృత్రిమ ప్రాణాధారాలను నియమబద్ధంగా తొలగించవచ్చునని మన సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. మందు ఇచ్చి ప్రాణం తీయడాన్ని మాత్రం అనుమతించలేదు.

సాండర్స్ 2005 జూలై 14న, తాను స్థాపించిన హాస్పిస్‌లోనే క్యాన్సరుతో కన్నుమూసింది. నర్సింగు వృత్తిని చేపట్టబోయే విద్యార్థినీ విద్యార్థులు ఆమె జీవితం నుండి గ్రహించవలసినది ఒకటున్నది. రోగి చావును కోరినపుడు అవుననో కాదనో చెప్పుటకు ముందు, అతని నొప్పిని తగ్గించామా, అతని మాట విన్నామా అని మనలను మనమే ప్రశ్నించుకోవాలి.