వీణనే నమ్ముకున్న కాకినాడ కుర్రాడు: చిట్టిబాబు గారి కథ

ఈ వారం వీడియోలో సరస్వతీ అమ్మవారి చేతిలోని వీణ గురించి చెప్పుకున్నాం కదా. ఆ వీణనే నమ్ముకుని బతికిన మన తెలుగాయన ఒకరున్నారు. ఆయనే చిట్టిబాబు గారు.

1936 అక్టోబర్ 13న కాకినాడలో పుట్టారు. అసలు పేరు హనుమాన్లు. ఒకరోజు నాన్న రంగారావు గారు వీణ వాయిస్తుంటే ఒకచోట స్వరం తప్పిందట. పక్కనే ఉన్న ఐదేళ్ల పిల్లాడు అది పట్టేసి సరిదిద్దాడట! అలా మొదలైంది శిక్షణ. పన్నెండేళ్లకే మొదటి కచేరీ.

ఇంతవరకే అయితే, అబ్బ ఎంత టాలెంటో అనుకుని స్క్రోల్ చేసేస్తాం. అసలు కథ ఆ తర్వాతే ఉంది.

మద్రాసులో ఈమని శంకరశాస్త్రి గారికి శిష్యుడయ్యారు. 1949లో వచ్చిన లైలా మజ్ను సినిమాలో బాలనటుడిగా కనిపించారు. తర్వాత చాలా ఏళ్లు సినిమా పాటలకు వీణ వాయించారు. 1964 నాటి తమిళ సినిమా కలైకోవిల్ ఒక వీణ విద్వాంసుడి కథ. అందులో వినిపించే వీణ ఈయనదే. మన భాషలో చెప్పాలంటే లైఫ్ సెటిల్ అయిపోయినట్టే. కానీ సినిమా పాటలో వీణ ఎప్పుడూ గాయకుడి వెనకే ఉండాలి. అందుకే ఆ పని వదిలేసి, పూర్తిగా కచేరీలకే అంకితమయ్యారు.

అది చిన్న రిస్క్ కాదు. హార్ప్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో తీగ ఉంటుంది. వీణలో స్వరం పలికే తీగలు నాలుగే, తాళానికి మూడు, మెట్లు 24. మెట్టు మీద తీగను పక్కకి లాగి గమకం పుట్టించాలి. మీటిన నాదమేమో కాసేపట్లో ఆరిపోతుంది. ఆ కాసేపట్లోనే ఆయన వీణని మనిషి గొంతులా పాడించారు. ఆయన కూర్చిన కొమ్మలో కోయిల వినండి, నిజంగా కోయిలే కూస్తున్నట్టుంటుంది! రాగాల పేర్లు తెలియని వాళ్లు కూడా ఆయన వీణకి అభిమానులయ్యారు.

1996 ఫిబ్రవరి 9న, 59 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

రాత్రి షిఫ్ట్ అయ్యాక హైటెక్ సిటీ నుంచి క్యాబ్‌లో ఇంటికెళ్తూ నేను ఆయన వీణే వింటుంటాను. అప్పుడల్లా బీటెక్‌లో చేరాక నేను వదిలేసిన సంగీతం గుర్తొస్తుంది. అమ్మవారు ఇచ్చిన విద్యని పక్కన పెట్టేస్తే అది మూలనే పడి ఉంటుంది. ఆయన పెట్టలేదు, అంతే తేడా. మీరూ అలా ఏదైనా వదిలేశారా? ఈ శుక్రవారం దీపం పెట్టాక ఓ పది నిమిషాలు దానికి ఇచ్చి చూడండి. నేనూ మొదలుపెడుతున్నాను. శుభం!