తెగిన వేళ్లతో ఉత్తరం రాసిన బ్రెస్సాని

మీలో చాలామంది ఊరు వదిలి వేల మైళ్లు వచ్చినవాళ్లే. పనిలో దెబ్బ తగిలినా ఇంటికి ఫోన్ చేసి, బాగానే ఉన్నానని చెప్పేవాళ్లే. 380 ఏళ్ల కిందట ఇదే కెనడాకు వచ్చి నలిగిపోయిన ఒక పరదేశి గురించి మీకు చెప్పాలి. ఆయన మాత్రం జరిగింది జరిగినట్టు రాశాడు.

పేరు ఫ్రాంచెస్కో జుసెప్పె బ్రెస్సాని. 1612లో రోమ్‌లో పుట్టాడు. 14వ ఏట జెస్యూట్ క్రైస్తవ సంఘంలో చేరాడు. 1642లో ఓడెక్కి, అప్పట్లో న్యూ ఫ్రాన్స్ అనే ఫ్రెంచి వలస రాజ్యానికి మతబోధకుడిగా వచ్చాడు.

1644 ఏప్రిల్ చివర్లో ఆరుగురు హ్యూరాన్లు, ఒక ఫ్రెంచి కుర్రాడితో కలిసి పడవల్లో హ్యూరాన్ల ప్రాంతానికి బయల్దేరాడు. దారిలో ఇరొక్వా తెగ యోధులు పట్టుకున్నారు. అప్పుడు బీవర్ తోళ్ల వ్యాపారం చుట్టూ తెగల మధ్య యుద్ధం నడుస్తోంది. ఫ్రెంచివాళ్లు హ్యూరాన్ల పక్షం. కాబట్టి ఇరొక్వాల కంటికి ఆయన శత్రువుల మనిషి. నెలల తరబడి హింసించారు. వేళ్లు కోశారు, కాల్చారు. చివరికి ఒక ముసలమ్మకు అప్పగిస్తే, ఆమె కుటుంబం డచ్చివాళ్లకు అమ్మేసింది. నేటి ఆల్బనీ దగ్గరున్న డచ్చివాళ్లు సొమ్ము చెల్లించి విడిపించి, ఓడెక్కించి ఫ్రాన్స్‌కు పంపారు.

చెరలో ఉండగానే, జూలైలో, రోమ్‌లోని తన పెద్దలకు ఉత్తరం రాశాడు. కుడిచేతికి సరిగ్గా మిగిలింది ఒక్క వేలు. తుపాకిమందు నీళ్లలో కలిపి సిరా చేసుకున్నాడు. నేలే బల్ల. కాగితం మీద రక్తపు మరకలు.

ఇక ఇటు రాడనుకుంటాం కదా? 1645లో మళ్లీ వచ్చాడు! నేటి ఒంటారియోలోని హ్యూరాన్ల మధ్య పనిచేశాడు. ఇరొక్వా దాడులకు 1649లో ఆ ప్రాంతం కూలిపోయింది. 1650లో తలకు బాణాలు తగిలి, ఆరోగ్యం చెడి ఇటలీకి తిరిగి వెళ్లాడు. 1653లో మచెరాటాలో న్యూ ఫ్రాన్స్ మిషన్ల చరిత్ర అచ్చువేశాడు. 1672లో ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు.

ఆయనలాంటివాళ్లను ఇక్కడి జనం పిలవలేదు. యూరప్ నుంచి వచ్చిన మశూచిలాంటి రోగాలకు, 1630లలో మొదలై కొన్నేళ్లలోనే, హ్యూరాన్లలో సగం మందో అంతకన్నా ఎక్కువో పోయారు. వాళ్లకు వాళ్లు పెట్టుకున్న పేరు వెండాట్. ఆ కాలం గురించి మనకు దొరికే రాతల్లో ఎక్కువ భాగం బ్రెస్సానిలాంటి ఫాదర్లవే. రాసినవాడి మాటే చరిత్రగా నిలబడింది చూడండి.

అందుకే మీకు చెప్పేది. మా దగ్గరికి వేలు నలిగిన చేతులతో వస్తారు. ఏ రోజు జరిగిందో కాగితం మీద ఒక్క ముక్క ఉండదు. కెనడాలో ప్రతి ప్రావిన్సుకూ కార్మికుల పరిహార బోర్డు ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందని అడుగుతారు. దెబ్బ తగిలిన రోజే తెలుగులోనైనా సరే రాసిపెట్టుకోండి, ఫోటో తీసుకోండి, పక్కనున్నవాళ్ల పేర్లు రాసుకోండి. మీరు రాయకపోతే మీ సంగతి వేరేవాళ్లు రాస్తారు, వాళ్లకు కావలసినట్టు.