మెహదీ నవాజ్ జంగ్: ఎంఎన్‌జే అనే మూడక్షరాల వెనుక మనిషి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఎవరికైనా అన్ననాళం క్యాన్సర్ అని తేలితే, ఇంట్లో పెద్దలు ముందుగా అనే మాట ఎంఎన్‌జే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉన్న ఆ ఆస్పత్రికి పేరిచ్చిన వ్యక్తి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్.

1894లో హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం సర్కారులో పెద్ద పదవులు చేశారు. రాళ్లు, గుట్టలు తప్ప ఏమీ లేని బంజారాహిల్స్‌లో, బండలను పగలగొట్టకుండా వాటి మధ్యనే ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడక్కడ గజం ధర వింటే కళ్లు తిరుగుతాయి, అది వేరే కథ. 1952లో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో చేరారు. 1960లో గుజరాత్ ఏర్పడితే మొదటి గవర్నర్ ఆయనే, 1965 దాకా ఉన్నారు.

ఇన్ని పదవులున్నా పేదవాళ్ల ఇళ్లలో ఆయన పేరు నిలిచింది క్యాన్సర్ ఆస్పత్రితోనే. అది 1955లో మొదలైంది. అప్పటికి కరీంనగర్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. క్యాన్సర్‌కు చికిత్స అంటే ప్రధానంగా ఆపరేషన్, రేడియేషన్. నేటి మందులు చాలావరకు లేవు.

అన్ననాళం ఆపరేషన్ ఇప్పటికీ తేలిక కాదు. చెడిన నాళం తీసేసి, కడుపును గొట్టంలా మలిచి పైకి లాగి కుడతారు. ఆ కుట్టు దగ్గర లీకయితే ప్రమాదమని డాక్టర్లు ముందే చెప్తారు. అరుదుగా వచ్చేవి వేరే ఉన్నాయి. ఛాతీలో పెట్టిన ట్యూబులో పాలలాంటి ద్రవం వస్తే, తిన్న కొవ్వును మోసే నాళం తెగిందని అనుమానిస్తారు. కొత్త ఆహార మార్గానికీ శ్వాసనాళానికీ మధ్య రంధ్రం పడితే నీళ్లు తాగగానే దగ్గు తన్నుకొస్తుంది. పేగు జారి ఛాతీలోకి ఎక్కడం నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా జరగొచ్చు. అకస్మాత్తుగా కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. ఊళ్లో గ్యాస్ గోలీ వేసుకుని కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని వెంటనే ఆపరేషన్ చేసిన చోటికే పోవాలి. అంతదూరం పోలేనంత ఆయాసముంటే, ముందు దగ్గర్లోని పెద్దాస్పత్రికి తీసుకెళ్లి, ఏం ఆపరేషన్ జరిగిందో చెప్పాలి.

గవర్నర్ పదవి దిగిన రెండేళ్లకు, 1967లో, మెహదీ నవాజ్ జంగ్ కన్నుమూశారు. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి వచ్చేవాళ్ల ఫైళ్ల మీద ఆ పేరు ఇంకా అచ్చవుతూనే ఉంది.