నక్షత్రాలను స్వయంగా పరిశీలించిన అబ్దుర్రహ్మాన్ సూఫీ

ఖగోళ శాస్త్రానికి సేవ చేసిన ముస్లిం పండితులలో అబ్దుర్రహ్మాన్ సూఫీ ఒకరు. ఆయన హిజ్రీ 291 (క్రీ.శ. 903)లో ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించారు. బువైహీ వంశపు పాలకుడు అజుదుద్దౌలా ఆయనను ఎంతగానో ఆదరించాడు. తనకు నక్షత్రాల గురించి బోధించిన గురువు సూఫీయేనని ఆ పాలకుడు గర్వంగా చెప్పుకునేవాడు.

అరబ్బులకు నక్షత్రాలు కొత్త కాదు. ఎడారిలో రాత్రిపూట ప్రయాణించే వారికి అవే దారి చూపేవి. అందుకే ఒక్కో తారకు వారు తమ భాషలో పేరు పెట్టుకున్నారు. మరోవైపు గ్రీకు పండితుడు టాలెమీ రెండో శతాబ్దంలో రాసిన గ్రంథం అరబీలోకి అనువాదమైంది. అందులో 48 నక్షత్ర రాశులు, వెయ్యికి పైగా తారలు ఉన్నాయి. అయితే గ్రీకులు చెప్పిన తార ఏది, అరబ్బులు పిలిచే తార ఏది అన్న విషయంలో గందరగోళం ఏర్పడింది. చాలామంది ఆకాశం వైపు చూడకుండానే పాత పుస్తకాలను నకలు చేసేవారు. ఒకరి పొరపాటు మరొకరికి ప్రమాణంగా మారేది.

సూఫీ ఆ పద్ధతిని అంగీకరించలేదు. టాలెమీని గౌరవిస్తూనే ఆయన చెప్పిన తారలను ఒక్కొక్కటిగా స్వయంగా పరిశీలించారు. వాటి కాంతిని తిరిగి అంచనా వేసి, అత్యంత ప్రకాశవంతమైన వాటి నుండి అతి మసకవాటి వరకు ఆరు తరగతులలో చేర్చారు. తారల స్థానాలకు మాత్రం టాలెమీ లెక్కలనే ఆధారం చేసుకుని, గడిచిన కాలానికి తగినట్లు సవరించారు. కాలం గడిచేకొద్దీ ఆ స్థానాలు మెల్లగా జరుగుతాయి. ఒక డిగ్రీ జరగడానికి వందేళ్లు పడుతుందని టాలెమీ భావించాడు. సూఫీ 66 ఏళ్ల లెక్కను అనుసరించారు. నేటి లెక్క ప్రకారం అది సుమారు 72 ఏళ్లు.

ఈ కృషి ఫలితమే క్రీ.శ. 964 ప్రాంతంలో వెలువడిన 'స్థిర తారల చిత్రాల గ్రంథం'. ఇందులో ప్రతి రాశికీ రెండు బొమ్మలున్నాయి. ఒకటి నేల మీద నిలబడి చూసేవారికి కనిపించే రూపం, రెండోది ఖగోళ గోళంపై గీసే రూపం. గోళాన్ని బయటి నుండి చూస్తాం గనుక దానిపై కుడిఎడమలు తారుమారవుతాయి. అరబ్బుల పేర్లను కూడా ఆయన గ్రీకు రాశులతో జోడించి చూపారు. మనం రోహిణి అని పిలిచే తారకు అరబీలో 'అద్దబరాన్' అని పేరు. అంటే వెన్నంటి వచ్చేది. కృత్తికల వెనుక ఉదయిస్తుంది గనుక ఆ పేరు వచ్చింది. నేడు ప్రపంచమంతా ఆ తారను 'అల్దెబరాన్' అనే పిలుస్తోంది.

ఆండ్రోమెడా రాశి దగ్గర ఒక చేప బొమ్మ నోటి వద్ద ఆయన చిన్న మేఘంలాంటి మచ్చను గుర్తించి నమోదు చేశారు. దాని గురించి మనకు లభించిన తొలి స్పష్టమైన లిఖిత ఆధారం అదే. అది దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరో నక్షత్ర వ్యవస్థ అని 1920లలో గానీ తేలలేదు. దూరదర్శిని లేని కాలంలో అదేమిటో ఆయనకు తెలిసే అవకాశం లేదు. అయినా కంటికి కనిపించినదాన్ని ఉన్నదున్నట్లు రాసిపెట్టారు.

సూఫీ హిజ్రీ 376 (క్రీ.శ. 986)లో మరణించారు. ఐరోపా పండితులు ఆయనను 'అజోఫీ' అని పిలిచారు. చంద్రునిపై ఒక బిలానికి ఆ పేరే ఉంది.

నవంబరులో చంద్రుడు లేని రాత్రి, దీపాల వెలుగుకు దూరంగా, పిల్లలతో కలిసి నడినెత్తికి కాస్త ఉత్తరంగా చూడండి. సూఫీ గుర్తించిన ఆ మసక మచ్చ ఇప్పటికీ కంటికి అందుతుంది. పెద్దల విద్యను గౌరవించాలి, దానిని పరీక్షించి మరింత మెరుగుపరచాలి కూడా. ఆయన జీవితం మన పిల్లలకు నేర్పే పాఠం ఇదే.