ఆంధ్రకేసరి పరిపాలన - నూలు, బియ్యం, భూమి

ప్రత్యేక సంచికకు మన జిల్లా పెద్దల్లో ఒకరి జీవితం రాయమని సంఘం కార్యవర్గం వారు కోరారు. మన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారిని వదిలి వేరొకరిని ఎంచుకోవటం న్యాయం కాదనిపించింది. అయితే సైమన్ కమిషన్ నాడు తుపాకీకి గుండె చూపిన కథ మన మనుమలకు కూడా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అధికారం చేతికి వచ్చాక ఆయన ఏం చేయబోయారు, ఏ వాదంలో గెలిచారు, ఏ వాదంలో ఓడారు అన్న సంగతి అంతగా ఎవరూ చెప్పరు. ఫైళ్ళ మధ్య జీవితం గడిపిన మనకు ఆ భాగమే ఎక్కువ రుచిస్తుందని నా నమ్మకం.

పంతులు గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ళ వయసులో తండ్రి గోపాలకృష్ణయ్య గారు కాలం చేశారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు ఆదరించి రాజమండ్రికి తీసుకుపోయారు. అక్కడ చదువు, నాటకాలు, ప్లీడరీ, మునిసిపల్ చైర్మన్ పదవి. 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో బాగా గడించారు. 1921లో ఆ ప్రాక్టీసు వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టారు. గడించిన సొమ్మంతా ఆ పత్రిక మింగింది.

1926లో ఆయన ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1930లో ఆ సభ ముందుకు బట్టల దిగుమతి సుంకం బిల్లు వచ్చింది. మన మిల్లులకు రక్షణ అనే పేరుతో వచ్చిన బిల్లు అది. బ్రిటిష్ బట్ట మీద నూటికి 15 సుంకం, జపాను మొదలైన ఇతర దేశాల బట్ట మీద నూటికి 20. రక్షణ అనేది చక్కెర పూత, లోపలి మాత్ర లాంకషైర్ వారికి రాయితీ. సామ్రాజ్యానికి ప్రత్యేక మర్యాద ఏమిటని సభలో పెద్ద రగడ జరిగింది. మదనమోహన మాలవీయ గారు ఈ బిల్లు మీదనే సభ్యత్వం వదులుకున్నారు. పంతులు గారు కూడా ఆ సంవత్సరమే సభ నుంచి తప్పుకుని ఒంగోలు దగ్గర దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిపించారు. ఉప్పు పన్నైనా బట్ట సుంకమైనా, ఎవరి సరుకు ఎవరి గడపలోకి ఏ ధరకు రావాలో మనం కాక ఇంకొకరు నిర్ణయించడమే ఆనాటి తగాదా.

1937లో రాజాజీ గారి మంత్రివర్గంలో పంతులు గారు రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీల విచారణ సంఘానికి అధ్యక్షులై ఊరూరా తిరిగి సాక్ష్యాలు తీసుకున్నారు. ఇది మన ప్రాంతానికి నేరుగా తగిలే విషయం. అప్పట్లో దర్శి, పొదిలి వైపు నెల్లూరు జిల్లా. అందులో చాలా భాగం వెంకటగిరి జమీందారీ. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా కింద రైత్వారీలో ఉండేవి. అక్కడ రైతు శిస్తు సర్కారుకు కట్టేవాడు, ఇక్కడి రైతు జమీందారుకు కట్టేవాడు. వరిగ, జొన్న, సజ్జ పండే మెట్టనేలకు వానే దిక్కు. వాన లేకపోయినా శిస్తు మాత్రం తప్పదు.

1938లో ఆ సంఘం ఇచ్చిన నివేదికలో మెజారిటీ అభిప్రాయం సూటిగా ఉంది. భూమికి హక్కుదారు రైతు, జమీందారు శిస్తు వసూలు చేసి పెట్టేవాడు మాత్రమే. 1802 శాశ్వత పరిష్కారానికి ముందు ఏడాది ఎంత శిస్తు ఉండేదో అంతకు తగ్గించాలి. 1939 జనవరిలో శాసనసభ దీన్ని ఆమోదించింది. ఆ అక్టోబరులో యుద్ధం సమస్య మీద మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. నివేదిక నివేదికగానే మిగిలింది. జమీందారీల రద్దు చట్టం 1948లో వేరే ప్రభుత్వం చేతుల మీదుగా వచ్చింది. తయారు చేసినవారి బదిలీ తర్వాత సంతకమైన ఫైళ్ళు మనమూ ఎన్నో చూశాం.

ఇక అసలు సంగతికి వస్తాను. వ్యక్తి సత్యాగ్రహంలో ఒకసారి, 1942 నుంచి 1945 వరకు మరోసారి జైలు అనుభవించి, 1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. వయసు 73. గాంధీ గారికి ఆ పదవిలో రాజాజీని చూడాలని ఉండేది. ప్రజలు ఇచ్చిన పర్సులను పంతులు గారు సొంత ఖర్చులకు వాడుకోవడం ఆయనకు నచ్చలేదు. సర్వం దేశానికి ఇచ్చినవాడికి జనం ఇచ్చిన డబ్బు తినడంలో తప్పేముందని పంతులు గారి పక్షం వాదన. ఈ విషయంలో నా ఓటు గాంధీ గారికే. పదవి పట్టదలచిన మనిషికి పర్సు బరువే.

ఆయన కుర్చీలో కూర్చునే నాటికి ఉన్న పరిస్థితి చూడండి. మద్రాసు రాష్ట్రానికి బియ్యం చాలేది కాదు, లోటు బర్మా నుంచి ఓడల్లో వచ్చేది. 1942లో బర్మా జపాను చేతికి చిక్కింది, ఆ దారి మూసుకుపోయింది. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మరుసటి ఏడాది బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. వ్యాపారం బాగా సాగినన్నాళ్ళు, బియ్యం ఎక్కడ పండితే ఏమిటి, చవగ్గా వస్తే చాలు కదా అనిపిస్తుంది. సముద్రం మీద శత్రువు నిలబడిన రోజున అది వ్యాపారపు లెక్కగా ఉండదు, రక్షణ లెక్క అవుతుంది. పైగా 1945లో వానలు కూడా ముఖం చాటేశాయి. రేషను కార్డు, కంట్రోలు, బ్లాకు మార్కెట్టు అనే మాటలు మన అమ్మానాన్నల నోట తెలుగు మాటలైపోయింది ఆ కాలంలోనే.

పంతులు గారు బియ్యం వ్యాపారాన్ని కొద్దిమంది షావుకార్ల చేతి నుంచి తప్పించాలనుకున్నారు. ఉత్పత్తిదారుల, వినియోగదారుల సహకార సంఘాలు పెట్టించారు. పండించేవాడు, తినేవాడు ఒకే సంఘంలో సభ్యులు. ధాన్యం కొనేది, రేషను అమ్మేది ఆ సంఘమే. వర్తకులు ఊరుకుంటారా? సంఘాల్లో పలుకుబడి గలవారు దూరి పెత్తనం చేస్తున్నారని ఫిర్యాదులు కూడా వచ్చాయి. సహకార శాఖలో పనిచేసిన మన మిత్రులు ఇక్కడ ముసిముసి నవ్వులు నవ్వుకుంటారని నాకు తెలుసు. 1947 చివర దేశంలో కంట్రోళ్ళు సడలించినప్పుడు ఆ సంఘాలకు పని తగ్గింది. మద్రాసు రాష్ట్రంలో ఆహార కంట్రోళ్ళు తీసేసింది 1952లో రాజాజీ గారు. దానిమీదా పెద్ద వాదమే జరిగింది.

పంతులు గారి ప్రభుత్వాన్ని బాగా కుదిపింది మాత్రం నూలు. యుద్ధం తర్వాత దేశంలో కొత్త నూలు మిల్లులు, కదుళ్ళు పెంచటానికి కేంద్రం పథకం వేసి మద్రాసుకూ వాటా ఇచ్చింది. కోయంబత్తూరు మిల్లు యజమానులు ఎదురు చూస్తున్నారు. పంతులు గారు ఆ వాటా అక్కరలేదన్నారు. కొత్త మిల్లులు వద్దు, ఉన్నవాటిని పెంచవద్దు, ఊళ్ళలో రాట్నం మీద నూలు తీయించి ఖద్దరు నేయిద్దామన్నారు. గాంధీ గారు ఈ విషయంలో ఆయన్ని గట్టిగా సమర్థించారు. పర్సుల దగ్గర విడిపోయినవారు రాట్నం దగ్గర కలిశారు.

పంతులు గారి లెక్క తీసిపారేసేది కాదు. మిల్లు యంత్రాలు చాలావరకు బ్రిటన్ నుంచే రావాలి. యుద్ధంలో మనం ఇచ్చిన సరుకుకు రావలసిన సొమ్ము లండనులో స్టెర్లింగు రూపంలో బిగుసుకుని ఉంది. మిల్లు కొద్దిమందికి పని ఇస్తుంది, రాట్నం ఇంటింటికీ ఇస్తుంది. పంట లేని నెలల్లో మన మెట్ట ఊళ్ళలో ఆడవాళ్ళకు నాలుగు డబ్బులు వచ్చే పని అదొక్కటే. ఇదంతా నిజం.

అవతలి లెక్కా నిజమే. చీరాల, ఈపూరుపాలెం వైపు మగ్గాలు గుర్తు చేసుకోండి. చేనేత మగ్గం మీద పడుగు, పేక రెండూ చాలావరకు మిల్లు నూలే. యుద్ధంలో నూలు కొరత వచ్చి చిలపల కోసం నేతగాళ్ళు వరసల్లో నిలబడ్డారు. రాట్నం నూలు చాలినంత వచ్చేదాకా మగ్గం ఏం తినాలి? మిల్లులు ఆపితే నేతగాడు నిలబడతాడా, పడిపోతాడా? చేనేతను కాపాడదామనే మనిషి చేతిలోనే చేనేతకు నూలు కరువయ్యే ప్రమాదం ఉందని విమర్శకులు అన్నారు. రాట్నం నూలు పెరిగేదాకా మిల్లు నూలు రాష్ట్రం బయటి నుంచి తెప్పించి నేతగాళ్ళకు పంచే ఏర్పాటు ముందు కుదిరి, ఆ తర్వాత మిల్లులు ఆపి ఉంటే ఆ పథకం తీరు వేరుగా ఉండేదని నా అభిప్రాయం. పంతులు గారికి ఓపిక తక్కువ. డెబ్బై మూడేళ్ళ మనిషికి ఇంకా ఎన్నేళ్ళు చేతిలో ఉంటాయని ఓపిక పట్టాలి?

ఆ ఏడాదే ఫిర్కా అభివృద్ధి పథకం మొదలైంది. మొదట 34 ఫిర్కాలు ఎంచి రోడ్లు, బావులు, పారిశుద్ధ్యం, ఖాదీ, సహకార సంఘాలు ఒకే చోట కలిపి నడపాలని ఏర్పాటు. దేశమంతటా సమాజాభివృద్ధి పథకం వచ్చింది 1952 అక్టోబరు 2న. బ్లాకులో పనిచేసిన మన సభ్యులు తమ శాఖ మూలపురుషుడు ఎవరంటే అమెరికా సలహాదారుల పేర్లు చెబుతుంటారు. మన ఒంగోలు ప్లీడరును కూడా ఒకసారి తలచుకోవచ్చు.

శాంతిభద్రతల విషయంలో ఆయన చేయి కఠినం. 1947 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను విచారణ లేకుండా నిర్బంధించారు. విదేశీ ప్రభుత్వం అలా చేస్తే గుండె చూపిన మనిషి, తాను కుర్చీలో కూర్చుని అదే పని చేశారు. కూలీ, బియ్యం, నూలు మీద జనం రేగుతుంటే పాలకుడికి పోలీసే దగ్గరి దారిగా కనిపిస్తుంది. ఆయన మీద ఉన్న గౌరవం ఏమీ తగ్గకుండానే ఇది చెప్పుకోవాలి.

కాంగ్రెసులోనే ముఠాలు ఎదురు తిరిగాయి. ఆంధ్ర, తమిళ తగాదాలు, రాజాజీ వర్గం, కామరాజ్ వర్గం, వీటికి తోడు మిల్లుల వారి కోపం. 1947 మార్చి 23న పంతులు గారు దిగిపోయారు, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ గారు వచ్చారు. నూలు విధానం ఆయనతోనే పోయింది. ఒక విచిత్రం చెప్పాలి. 1952లో ముఖ్యమంత్రి అయిన రాజాజీ గారు ధోవతులు, చీరలు మిల్లులు నేయకూడదని, వాటిని చేనేతకే కేటాయించాలని ఢిల్లీని ఒత్తిడి చేశారు. 1953లో మిల్లు బట్ట మీద సెస్సు వేసి చేనేతకు, ఖాదీకి ఖర్చు పెట్టే చట్టం వచ్చింది. మిల్లు నూలు తీయవచ్చు, నేతలో కొంత భాగం మగ్గానికి వదలాలి అన్న మధ్యేమార్గం అలా తేలింది.

1951లో పంతులు గారు కాంగ్రెసు వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కాంగ్రెసు వారే ఆయన్ని పిలిచి ముఖ్యమంత్రిని చేశారు. వయసు 81. రాజధాని కర్నూలు. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మద్రాసు నుంచి కుటుంబాలతో వచ్చిన గుమాస్తాల అవస్థలు నా పై అధికారుల నోట ఎన్నోసార్లు విన్నాను. గాలిదుమారం లేస్తే ముందు పట్టుకోవలసింది ఫైళ్ళనా, గుడారపు తాళ్ళనా అని వారిలో వారికి జోకు.

పుట్టుకతోనే లోటు బడ్జెట్టు ఉన్న రాష్ట్రం అది. అయినా కృష్ణ మీద బెజవాడలో పాత ఆనకట్ట 1952లో తెగినందున కొత్త బ్యారేజీకి 1954లో పునాది వేశారు. తిరుపతిలో విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు ఆ కాలంలోనివే.

డబ్బు చాలని రాష్ట్రానికి మద్యనిషేధం ఒక చిక్కు. కల్లు, సారా మీద వచ్చే ఆదాయం పోయింది, అమలు చేసే సిబ్బంది ఖర్చు మిగిలింది, గీత కార్మికుల బతుకు వీధిన పడింది, నాటుసారా మాత్రం ఆగలేదు. ఎస్.వి. రామమూర్తి గారి సంఘం విచారించి నిషేధం ఎత్తేయమంది. పంతులు గారి ప్రభుత్వం ఆ సిఫారసు అమలు చేయలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. 1946లో మిల్లుల వల్ల వచ్చే లాభం వదులుకున్నారు, 1954లో కల్లు ఆదాయం వదులుకున్నారు. ఖజానా ముందా, నమ్మిన మాట ముందా అన్నచోట రెండుసార్లూ ఆయన ఒకే వైపు నిలబడ్డారు. జీతాల బిల్లులు పాస్ చేయవలసిన ట్రెజరీ వారి కష్టం మాత్రం వేరే.

ఆ తర్వాత ఆయన పదవి చేపట్టలేదు. చేతిలో చిల్లిగవ్వ లేదు. అయినా తిరుగుడు మానలేదు. 1957 వేసవిలో ఒంగోలు వైపు హరిజనవాడలో పర్యటిస్తూ వడదెబ్బ తగిలి, హైదరాబాదు ఆసుపత్రిలో మే 20న కన్నుమూశారు. బెజవాడ బ్యారేజీ ఆ డిసెంబరులో పూర్తయింది, దానికి ఆయన పేరే పెట్టారు.

నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలు విడదీసి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా చేశారు. దర్శి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు అప్పుడే ఒక గొడుగు కిందికి వచ్చాయి. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒంగోలు జిల్లా అని అచ్చయిన పాత ఫారాలు ఇంకా కట్టలు కట్టలు మిగిలి ఉండేవి. కాగితం వృథా చేయకూడదు కనుక ఒంగోలు అన్న మాట కొట్టేసి, పైన సిరాతో ప్రకాశం అని రాసి పంపేవాళ్ళం.