క్లోరోఫామ్ మీద హైదరాబాద్ పందెం: డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఎక్కడ గెలిచారు, ఎక్కడ ఓడారు?

జంషెడ్‌పూర్: పొద్దున ఆస్పత్రిలో చేరి, చిన్న ఆపరేషన్ చేయించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవడం ఇప్పుడు మామూలు విషయం. ఉక్కు కర్మాగారం ఉద్యోగాల కోసం తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ హెర్నియాకో, కణితికో ఇలా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కనిపిస్తారు. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టే కాగితంలో మత్తు గురించి కూడా రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం చేసేస్తారు. ఏ మత్తు ఇస్తారు, ఎప్పుడు మెలకువ వస్తుంది అని అడిగేవాళ్లు తక్కువ.

ఏ మత్తు మందు మంచిది అనే ప్రశ్న మీద 135 ఏళ్ల కిందట ప్రపంచ వైద్యులు హైదరాబాద్ వైపు చూశారు. ఆ చర్చకు కేంద్రం డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. బ్రిటిష్ సైనిక వైద్యుడు, నిజాం రాజధానిలో రెసిడెన్సీ సర్జన్. మత్తు వైద్య చరిత్ర పుస్తకాలు హైదరాబాద్ పేరు తలుచుకునేది ఆయన వల్లే. పనిమంతుడని మెచ్చుకున్న పుస్తకాలే ఆయన్ని మొండివాడని కూడా అంటాయి. రెండు మాటలూ నిజమే.

గోరు తీయించుకోబోయి చనిపోయిన అమ్మాయి

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫామ్ మత్తును లోకానికి పరిచయం చేశారు. రెండున్నర నెలలు తిరగకుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి క్లోరోఫామ్ పీల్చిన కొద్దిసేపటికే చనిపోయింది. ఆమెకు చేయాల్సింది పెద్ద ఆపరేషనేమీ కాదు. కాలివేలి గోరు తీయాలి, అంతే. ఈ రోజుల్లో అయితే గంటలో ఇంటికి పంపేసేవారు.

ఆమె ఎందుకు చనిపోయింది? గుండె ఆగిపోయిందని జాన్ స్నో అన్నారు. తేరుకోవడానికి నోట్లో పోసిన నీళ్లు, బ్రాందీ అడ్డుపడి ఊపిరాడలేదని సింప్సన్ వాదించారు. అక్కడి నుంచి వైద్యులు రెండు వర్గాలయ్యారు. మత్తు ఇచ్చేవాడు నాడి మీద వేలు పెట్టి గుండెను కనిపెట్టుకుని ఉండాలని ఒక వర్గం అంది. నాడిని వదిలేసి శ్వాసనే చూడాలని రెండో వర్గం అంది. ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ సైమ్ రెండో వర్గానికి పెద్ద. లారీ ఆయన శిష్యుడు.

హైదరాబాద్‌కు రాక

కొంతకాలం లాహోర్‌లో పనిచేసిన లారీ 1885లో హైదరాబాద్‌కు వచ్చారు. రెసిడెన్సీ సర్జన్‌గానే కాక హైదరాబాద్ మెడికల్ స్కూలుకు కూడా ఆయనే బాధ్యుడు. ఈనాటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి ఆ స్కూలే మూలం. అక్కడ అప్పటిదాకా ఉర్దూలో సాగుతున్న బోధన ఇంగ్లిష్‌కు మారింది. అమ్మాయిలకూ ప్రవేశం దొరికింది. అలా చేరినవారిలో పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆమె ఆరితేరారు. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళగా ఆమె పేరు ఇప్పుడు తరచూ వినిపిస్తోంది.

లారీ క్లోరోఫామ్‌ను అంతగా నమ్మడానికి గురుభక్తి ఒక్కటే కారణం కాదు. ఈథర్ సుమారు 35 డిగ్రీలకే మరిగిపోతుంది. హైదరాబాద్ ఎండల్లో సీసా మూత తీస్తే చాలు, ఆవిరైపోతుంది. దీపం మంట తగిలితే భగ్గుమంటుంది. క్లోరోఫామ్ మరగాలంటే 61 డిగ్రీలు కావాలి. నిప్పంటుకునే భయం లేదు. కొద్ది చుక్కలతోనే పని జరుగుతుంది. అందుకే మన దేశంలో సర్జన్లకు అదే చేతికందే మందు. ప్రమాదకరమని దాన్ని పక్కన పెడితే ఇక్కడి రోగులకు మిగిలేది నొప్పే.

నిజాం సొమ్ము, లాన్సెట్ దూత

1888లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ సాయంతో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ ఏర్పడింది. వందకు పైగా కుక్కలకు చచ్చేదాకా క్లోరోఫామ్ ఇచ్చి చూశారు. ప్రతిసారీ ముందు శ్వాస ఆగింది, ఆ తర్వాతే గుండె ఆగింది. సైమ్ చెప్పిందే నిజమని లారీ ప్రకటించారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దీన్ని నమ్మలేదు. అంతకు కొన్నేళ్ల ముందు గ్లాస్గోలో జరిగిన పరిశోధన, క్లోరోఫామ్ గుండెను కూడా దెబ్బతీస్తుందని చెప్పి ఉంది.

లారీ వెనక్కి తగ్గలేదు. లాన్సెట్ తనకు నచ్చిన నిపుణుణ్ని పంపి ప్రయోగాలు చూసుకోవచ్చని, అందుకు 1000 పౌండ్లు ఇస్తామని నిజాం ప్రభుత్వం తరఫున కబురు వెళ్లింది. లాన్సెట్ సర్ థామస్ లాడర్ బ్రంటన్‌ను ఎంచుకుంది. మందులు శరీరం మీద ఎలా పనిచేస్తాయన్న విద్యలో ఆయన ఆ కాలపు పెద్ద పేరు. పైగా క్లోరోఫామ్ గుండెను ఆపగలదని నమ్మే మనిషి.

1889 చివరి నెలల్లో రెండో కమిషన్ పనిచేసింది. బ్రంటన్, లారీలతో పాటు జెరాల్డ్ బాంఫర్డ్, రుస్తుంజీ హకీం అందులో ఉన్నారు. రూపాబాయి కూడా ఆ పనిలో పాలుపంచుకున్నారు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు అన్నీ కలిపి ఐదు వందల దాకా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. చాలా వాటికి రక్తపోటును యంత్రంతో గీతలుగా నమోదు చేశారు. ఫలితం మారలేదు. ముందు ఆగింది శ్వాసే. బ్రంటన్ తన పాత అభిప్రాయాన్ని మార్చుకుని, ఆ సంగతి లండన్‌కు తంతి కొట్టారు. 1890లో లాన్సెట్ పూర్తి నివేదికను అచ్చు వేసింది.

ఓటమి ఎక్కడ?

జంతువుల్లో తేలిన మాట మనుషుల్లో నిలబడలేదు. ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చిన్న చిన్న ఆపరేషన్లకు బల్ల ఎక్కి, క్లోరోఫామ్ పీల్చిన కాసేపటికే ఉన్నట్టుండి చనిపోతూనే ఉన్నారు. 1893లో లాన్సెట్ మత్తు మరణాల లెక్కలు సేకరించి చూస్తే, క్లోరోఫామ్ కంటే ఈథరే తక్కువ ప్రమాదమని తేలింది. అదే ఏడాది కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే శాస్త్రవేత్తలు క్లోరోఫామ్ నేరుగా గుండెను బలహీనపరుస్తుందని ప్రయోగాలతో చూపారు.

లారీ ఒప్పుకోలేదు. క్లోరోఫామ్ చావులన్నీ సరిగా ఇవ్వడం చేతకాకనే జరిగాయని ఆయన వాదన. నాడి చూస్తూ కూర్చోవడమే ప్రమాదమని, దానివల్ల శ్వాస మీద దృష్టి పోతుందని ఆయన చివరిదాకా చెప్పారు. 1901లో క్లోరోఫామ్ మీద పుస్తకం రాసినప్పుడూ అదే మాట.

చిక్కుముడిని గుడ్‌మన్ లెవీ 1911లో విప్పారు. క్లోరోఫామ్ పలచగా ఇచ్చి, మత్తు ఇంకా పూర్తిగా ఎక్కని దశలో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కిస్తే, గుండె లయ తప్పి గిలగిలా కొట్టుకుని ఆగిపోయింది. భయపడ్డప్పుడు మన శరీరంలోనే అడ్రినలిన్ పుడుతుంది. అంటే ప్రమాదం మత్తు ఎక్కువైనప్పుడే కాదు, బల్ల మీద బెదిరిపోయిన మనిషికి మత్తు ఎక్కీ ఎక్కకుండా ఉన్నప్పుడు కూడా ఉంది. హైదరాబాద్‌లో జంతువులకు మత్తు ఆపకుండా ఇస్తూ పోయారు. ఎక్కువ మోతాదులో ముందు ఆగేది శ్వాసే కాబట్టి వాళ్లకు అదే కనిపించింది. వాళ్లు రాసిన గీతలు అబద్ధం కాదు. ఆ గీతలు ఒక రకం చావు గురించే చెప్పాయి. చావులన్నీ అలాగే జరుగుతాయని లారీ అనుకున్నారు. నాలుగేళ్ల తర్వాత, 1915లో ఆయన కన్నుమూశారు.

ఈనాటి రోగికి ఏమిటి?

లారీ కాలంలో మందుల్ని పోల్చడానికి ఒక్కటే కొలమానం: రోగి బతికాడా, లేదా? ఈరోజు మత్తు వల్ల చనిపోవడం చాలా అరుదు. కాబట్టి కొలమానాలు మారాయి. కళ్లు ఎప్పుడు తెరిచారు, పేరు ఎప్పుడు చెప్పారు, వాంతులయ్యాయా, ఇంటికి ఎప్పుడు వెళ్లారు అని చూస్తున్నారు.

పీల్చే మత్తు రక్తంలో ఎంత తక్కువగా కరిగితే అంత త్వరగా ఊపిరితో బయటికి పోతుంది, అంత త్వరగా మెలకువ వస్తుంది. ఆ కరిగే గుణం ఈథర్‌కు సుమారు 12. 1956లో వాడుకలోకి వచ్చిన హాలోథేన్‌కు 2.4, ఐసోఫ్లూరేన్‌కు 1.4, సెవోఫ్లూరేన్‌కు 0.65, డెస్‌ఫ్లూరేన్‌కు 0.42. ఈథర్ పీల్చినవాళ్లు చాలాసేపు మగతలో ఉండి వాంతులు చేసుకునేవారు. ఇప్పుడు గ్యాస్ ఆపిన కొన్ని నిమిషాల్లోనే కళ్లు తెరుస్తున్నారు.

డెస్‌ఫ్లూరేన్‌తో మెలకువ కొన్ని నిమిషాలు ముందే వస్తుంది. అయితే అది గొంతులో ఘాటుగా తగిలి దగ్గు తెప్పిస్తుంది, వాతావరణాన్ని వేడెక్కించడంలోనూ చాలా చెడ్డది. 2023లో స్కాట్లాండ్ తన ఆస్పత్రుల్లో దాన్ని ఆపేసింది. సెవోఫ్లూరేన్ ఘాటు లేకుండా ఉంటుంది కాబట్టి పిల్లలకు ఎక్కువగా అదే వాడతారు. కాకపోతే మెలకువ వచ్చేటప్పుడు కొందరు పిల్లలు కాసేపు పెనుగులాడి ఏడుస్తారు. ఇంటికి వెళ్లే సమయం దగ్గరికి వచ్చేసరికి ఈ రెండింటి మధ్య తేడా దాదాపు ఉండదు. వాంతులు తగ్గాయా, నొప్పి అదుపులో ఉందా, తోడుగా ఎవరైనా ఉన్నారా అన్నవే దాన్ని నిర్ణయిస్తాయి. కాబట్టి గ్యాస్ పేరు కంటే ముందు డాక్టర్‌కు చెప్పాల్సినవి ఉన్నాయి. ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు వాంతులయ్యాయా, ఇంట్లో ఎవరికైనా మత్తు వికటించిందా, ఆ రాత్రి పక్కన ఎవరుంటారు?

లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని 1908 మూసీ వరద దెబ్బతీసింది. తర్వాత అక్కడ ఉస్మానియా ఆస్పత్రి వెలిసింది. క్లోరోఫామ్ ఆపరేషన్ థియేటర్ల నుంచి ఎప్పుడో వెళ్లిపోయింది. శ్వాసను ఒక్క క్షణం కూడా వదలొద్దన్న ఆయన పాఠం మాత్రం పోలేదు. మన రోగి తల దగ్గరుండే మానిటర్ మీద ఇప్పుడు ఊపిరి గీత కదులుతూ ఉంటుంది. దాని పక్కనే, ఆయన చూడక్కర్లేదన్న గుండె గీత కూడా ఉంటుంది.